పన్నెండో కుర్చీ

పోయిన వారం మా గుడి యువజన సంఘం పిల్లలిద్దరు ఇంటికొచ్చారు. ఈస్టరు ముందు పవిత్ర గురువారం సాయంత్రం చర్చి పూజలో పాదాలు కడిగించుకునే పన్నెండుమందిలో ఈసారి నా పేరు కూడా ఉందట. ఇప్పుడు ఆడవాళ్ల కాళ్లు కూడా కడుగుతున్నారు. మంచిదే. మజ్జిగ ఇచ్చి, "నాది ఎన్నో కుర్చీ?" అని అడిగాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "ఏదైతే ఏముంది ఆంటీ, అన్నీ ప్లాస్టిక్ కుర్చీలే కదా," అంది ఆ పిల్ల. నాకు నవ్వొచ్చింది. మా ఊళ్లో ఆ మాట అని ఉంటే గుడి చూసుకునే ఉపదేశి దాని చెవి మెలిపెట్టి ఉండేవాడు.

మా ఊరు నెల్లూరుకు దిగువన, సముద్రం ఒడ్డున. సరుగుడు తోపు దాటితే గుడి, గుడి దాటితే ఇసుక, ఇసుక దాటితే పడవలు. ఇప్పుడు వెళితే నేనే గుర్తుపట్టలేను. తోపు కొట్టేసి రొయ్యల గుంటలు తవ్వారు. గుడి పడగొట్టి గ్రానైటు పరిచి కొత్తది కట్టారు. నేను చెప్పేది పాత పెంకుల గుడి సంగతి. లోపల అడుగు పెడితే సాంబ్రాణి, మైనం, ఎండుచేపలు, మూడు వాసనలూ కలిసి కొట్టేవి. గుడిలో ఎండుచేపలేమిటంటారా? అది మా బట్టల వాసన, మా జుట్టు వాసన. ఊరు వదిలి వచ్చేదాకా అదొక వాసన అని కూడా నాకు తెలియదు.

యేసుప్రభువు తాను పట్టుబడే రాత్రి, భోజనం దగ్గర, శిష్యులు పన్నెండుమంది కాళ్లూ కడిగాడు. దానికి గుర్తుగా ఏటా ఆ గురువారం స్వాములవారు, అంటే మా ఫాదరు, పన్నెండుమంది మగవాళ్లను కూర్చోబెట్టి, కుడికాలు కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకుంటారు. ఇది అన్ని గుళ్లలోనూ ఉన్నదే. మా ఊళ్లో మాత్రం దీనికి మావాళ్ల తెలివి కాస్త కలిసింది. ఒక్కో కుర్చీకి ఒక్కో శిష్యుడి పేరు పెట్టుకున్నారు. ఉపదేశి, అంటే స్వాములవారు లేనప్పుడు గుడి చూసుకునే పెద్దమనిషి, గొంతెత్తి "పేతురు!" అని పిలిస్తే ఊరి పెద్ద మీసం దువ్వుకుంటూ వచ్చి మొదటి కుర్చీలో కూర్చునేవాడు. "యోహాను!" అంటే ఆ ఏడు పెళ్లయిన కుర్రవాడు. కుర్చీలు ఇళ్ల నుంచే తెచ్చేవాళ్లు. "మా కుర్చీలో పేతురు కూర్చున్నాడు" అని ఏడాది పొడుగునా చెప్పుకుని మురిసిపోయే ఇల్లాళ్లుండేవారు.

చిక్కంతా పన్నెండో కుర్చీతోనే. అది యూదాది. ప్రభువును శత్రువులకు పట్టిచ్చిన వాడిది. అందులో కూర్చున్న వాడి వలలో మళ్లీ ఏడు దాకా చేప పడదని మావాళ్ల నమ్మకం. పిల్లలు "ఒరే యూదా" అని వెంటపడేవాళ్లు. ఆ కుర్చీకి ఎవరూ తమ ఇంటి కుర్చీ కూడా ఇచ్చేవాళ్లు కాదు. బడిలోని మొండి స్టూలు ఒకటి తెచ్చి వేసేవాళ్లు. మనిషి కోసం చీట్లు వేసేవాళ్లు. చీటీ తగిలినవాడు బుధవారానికల్లా పడవెక్కి వేరే రేవుకు చెక్కేసేవాడు. ఒక ఏడు దిక్కులేక ఐసు లారీ డ్రైవర్ని కూర్చోబెట్టారు. పాపం ఆయన హిందువు, కోవూరు తట్టు మనిషి. కాలు కడిగి, కొత్త తువ్వాలు భుజాన వేసి, చేతిలో రొట్టె పెట్టేసరికి పొంగిపోయి, "మళ్లా ఏడు గూడా రమ్మంటారా?" అని అడిగాడు. అందరూ తప్పకుండా రమ్మన్నారు. ఎవరో ఆయనకు అసలు సంగతి చెప్పినట్టున్నారు, ఆ లారీ మళ్లీ మా ఊరి మొహం చూడలేదు.

ఇంతమంది తప్పించుకు పారిపోయే ఆ కుర్చీ తనకు కావాలని అడిగిన మనిషి ఊరంతటికీ ఒక్కడే. ఆయన మా తాత. ఏటా ఆ గురువారానికి ముందొచ్చే మట్టల ఆదివారం పూజ కాగానే ఉపదేశి ఎదుట నిటారుగా నిలబడి, "ఈతూరి నన్ను కూర్చోబెట్టు," అనేవాడు. ఉపదేశిదీ ఏటా ఒకటే జవాబు. "నీకు కుడికాలు యాడుందన్నా?"

నిజమే, లేదు. తాత మిలిటరీ మనిషి. నేను పుట్టకముందు జరిగిన యుద్ధంలో కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది. తోలు పట్టీలతో బిగించుకునే కట్టుడు కాలు ఒకటి ఉండేది. పడుకునేటప్పుడు దాన్ని విప్పి, బూటుతో సహా మంచం కింద నిలబెట్టేవాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, గడప మీద కూర్చుని రెండు బూట్లకూ పాలిష్ పట్టేవాడు. అవ్వ చూసి, "ప్రాణం లేని కాలికి గూడా ఎందుకయ్యా ఆ సోకు?" అనేది. "అది డ్యూటీలో ఉండాది మే," అనేవాడు తాత. చెప్పులే సరిగా లేని ఆ ఇసుక ఊళ్లో ఆ పాలిష్ వాసన మా ఇంటి ఒక్కదానికే ఉండేది. నాకు దాని మీద మహా గర్వం.

ఇంట్లో అంతా కవాతే. సాయంత్రం గుడి గంట కొట్టగానే ఎక్కడివాళ్లం అక్కడ వదిలేసి మరియమాత పటం ముందు మోకాళ్ల మీద ఉండాలి. తాత జపమాల చెప్పించేవాడు. మంగళవార్త జపం సగంలో నేను కునుకు తీస్తే "అటెన్షన్!" అని అరిచేవాడు. నేను ఉలిక్కిపడి సగం నుంచి కాక మళ్లీ మొదటి నుంచి అందుకునేదాన్ని. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకునేది. ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలం వచ్చిందంటే తాత మాంసం మానేసేవాడు, రమ్ము మానేసేవాడు. నెల్లూరు మిలిటరీ కాంటీన్ నుంచి తెచ్చుకున్న సీసాను పునీత అంతోనివారి పటం వెనక పెట్టి, "ఈస్టరు దాకా మీదే పూచీ," అని ఆయనకు సెల్యూట్ కొట్టేవాడు. చేప మాత్రం మానలేదు. అవ్వ పుల్లమామిడికాయ వేసి పెట్టే పులుసు ముందు ఎంతటి తపస్సయినా తలవంచాల్సిందే.

ఒకసారి ఆ మంచం కింది కట్టుడు కాలిలో నేను చిన్న ఎండ్రకాయను వదిలాను. తాత పొద్దున్నే అందులో కాలి మొండి దూర్చి, పట్టీలు బిగించుకుని, గుడి దాకా వెళ్లి, పూజంతా అయ్యాక గానీ "లోపల ఏందో కదులుతా ఉండాదే" అనలేదు. విప్పి చూసి, ఆ ఎండ్రకాయను బయటికి తీసి, అరచేతిలో పెట్టుకుని, "నువ్వు గూడా పూజ విన్నావు, పో," అని ఇసుకలో వదిలేశాడు. నన్నేమీ అనలేదు. వీపు విమానం మోత మోగుతుందనుకున్న నాకు ఆ ఊరుకోవడమే ఎక్కువ భయమేసింది.

యుద్ధం కబుర్లు ఎన్ని చెప్పేవాడో! మంచులో రొట్టె రాయిలా గట్టిపడితే కత్తితో కోసుకు తిన్నది, వంటవాడి మేక పారిపోతే దాని వెంట మైలు దూరం పరిగెత్తింది, ఇవన్నీ నాకు నోటికి వచ్చు. కాలు ఎలా పోయిందో మాత్రం చెప్పేవాడు కాదు. అది ఊరే చెప్పింది. యుద్ధంలో గుండు పడింది, మా ఊరి నుంచి కలిసి పోయిన ఇద్దరిలో ఒకరి ప్రాణం పోయింది, ఒకరి కాలు పోయింది. ప్రాణం పోయిన ఆయన భార్య రేవు దగ్గర పూరింట్లో ఒంటరిగా ఉండేది. నేను రేవవ్వ అనేదాన్ని. తాతను ఆమె అన్నా అని పిలిచేది. వానలు రాకముందే తాత వెళ్లి ఆమె ఇంటి కప్పు నేయించి, ఆ తర్వాతే మా ఇంటి సంగతి చూసేవాడు. నవంబరులో ఆత్మల పండుగకు అందరూ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తే, తాత ఆమె ఇంటికి పోయి గోడమీది ఫోటో కింద వెలిగించేవాడు. సమాధి ఎక్కడో సరిహద్దులో ఉండిపోయింది. ఆమె పులుసు కాచిన రోజు మా ఇంటికి గిన్నె వచ్చేది. మా అవ్వ పులుసు కంటే ఆమెదే బాగుండేది. ఆ మాట ఇంట్లో అంటే నా పని అయిపోయేది.

నాకు తొమ్మిదో పదో ఏళ్లున్నప్పుడు మా ఊరికి కొత్త స్వాములవారు వచ్చారు. చిన్న వయసు, మీసం కూడా గట్టిపడలేదు. ఆ ఏడు చీటీ తగిలినవాడు యథాప్రకారం పారిపోయాడు. తాత వెళ్లి అడిగాడు. ఉపదేశి కుడికాలు మాట ఎత్తబోతే ఆ కుర్ర స్వాములు, "ఎడమకాలు ఉంది కదా, అదే కడుగుతాను," అనేశారు. అంత సుళువుగా తేలిపోతుందని తాత కూడా అనుకోలేదేమో, కాసేపు అక్కడే నిలబడిపోయాడు.

ఇంటికి వచ్చి చెప్పగానే అవ్వ పొయ్యి ముందు నుంచి లేచింది. నేను గోడవార కూర్చుని చద్దన్నంలో నెత్తళ్ల వేపుడు నంజుకుంటున్నాను. "ఏందయ్యా నీకు పట్టిన పిచ్చి? రేపు మన పిల్లకాయల్ని యూదా మనవరాళ్లని ఊరంతా ఎగతాళి చేస్తే నువ్వొచ్చి సముదాయిస్తావా? ఇంతమంది మగోళ్లు పారిపోతా ఉంటే నీకేం ఖర్మ?" అని కడిగేసింది.

తాత గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కట్టుడు కాలు చాపుకుని, దాన్నే చూస్తూ చెప్పాడు. "గుండు పడలా. యుద్ధం అయిపోయినాక పోయినాడు వాడు. మేం పెట్టిన మందుపాతర్లు మేమే తీస్తా ఉన్నాం. అదే గదా మా పని. నేను ముందు పోయి, ఇనుప కమ్మీతో ఇసక గుచ్చి గుచ్చి చూసినా. అన్నీ తీసేసినా అనుకున్నా. 'రారా, దారి బాగుంది' అని పిలిచినా. వచ్చినాడు."

అవ్వ పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది.

"ఒకటి మిగిలిపోయింది. వాడి కాడికి పరిగెత్తినా. ఇంకోటి నా కాలి కింద పేలింది. ఊళ్లో ఎవరో గుండు పడిందన్నారు, నేను కాదనలా."

అవ్వ, "పాపసంకీర్తనంలో చెప్పుకున్నావా?" అని అడిగింది. అంటే స్వాములవారి చెవిలో పాపం చెప్పుకుని క్షమాపణ పొందడం.

"ఎంతమంది స్వాములకో చెప్పినా. అందరూ క్షమించినారు. వాళ్లకేం మే, చచ్చింది వాళ్ల మొగుడు కాదు గదా."

అవ్వ నన్ను బయటికి పొమ్మనలేదు. పెళ్లయిన ఇన్నేళ్లకు తనకు తెలిసిన సంగతి అది, నేను ఉన్న ధ్యాస కూడా ఆమెకు లేదు. చివరికి అంది: "ప్రభువు యూదా కాళ్లు గూడా కడిగినాడని, ఆ కుర్చీలో కూర్చుంటే నీకు చల్లగా ఉంటాదని నీ ఆశ. నాకు తెలస్తా ఉండాది. కూర్చో. అయితే ముందు పోయి ఆమెకు చెప్పు. ఆమెకు చెప్పకుండా కూర్చున్నావంటే అది నాటకమయ్యా. నేను ఒప్పుకోను."

తాత ఆ మాటకు భయపడినట్టు ఇంక దేనికీ భయపడడం నేను చూడలేదు. యుద్ధానికి పోయి వచ్చిన మనిషి రేవు దాకా పోవడానికి రెండు రోజులు తాత్సారం చేశాడు. ఆమె మొహం తిప్పేసుకుంటే ఆయనకు ఆ ఊళ్లో ఉండి ఏం లాభం అన్నట్టు ఉండేది ఆయన వాలకం. బుధవారం ఎండ తగ్గాక, "అమ్మణ్ణీ, తోడు రా," అని నన్ను పిలిచాడు. దారంతా నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. మామూలుగా అలా వేసేవాడు కాదు.

రేవవ్వ ఇంటి ముందు చాప పరిచి నెత్తళ్లు ఎండబోసింది. కాకుల్ని తోలడానికి చేతిలో తాటాకు మట్ట. మమ్మల్ని చూసి నవ్వి, "రా అన్నా, పాపను గూడా తెచ్చినావే," అని పీట వేసింది. తాత కూర్చోలేదు. నిలబడే చెప్పాడు, అవ్వకు చెప్పినట్టే, ఒక్క మాట పెంచకుండా, తగ్గించకుండా. దారి బాగుందని తనే పిలిచానని చెప్పాడు.

ఆమె వంగి చేపల్ని తిరగేస్తూనే ఉంది. ఆ వరస అయ్యేదాకా తల ఎత్తలేదు. తర్వాత ఒకే ఒక్కటి అడిగింది.

"నువ్వు పిలిస్తే ఏమన్నాడు?"

"సరేన్నా, అన్నాడు."

ఆమె చాప చివర కూలబడింది. కాకులు వచ్చి వాలాయి. తోలలేదు. నేను లేచి తోలబోతే తాత నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కాసేపటికి ఆమె, "పొద్దు పోతా ఉండాది. పిల్లని తీసకపో," అంది. మేము వచ్చేశాం. వెనక్కి తిరిగి చూడాలని నాకు ఎంతో ఉంది, కానీ భయమేసింది.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో బయటపెట్టడం నాకు చేతకాదు. తాత బతికినన్నాళ్లూ ఏటా ఆ కుర్చీలో ఆయనే కూర్చున్నాడు. ఊరికి చీట్ల పీడ వదిలింది. మళ్లీ ఏడు రేవవ్వ తన ఇంటి కప్పు తాతను ముట్టుకోనివ్వలేదు, అక్క కొడుకును పిలిపించి నేయించుకుంది. మా గడప ఎక్కలేదు. కానీ పులుసు గిన్నె రావడం ఆగలేదు. ఎవరో ఒక పిల్ల చేత పంపేది. తాత ఆ పులుసు ముందు చాలాసేపు కూర్చుని తినేవాడు. వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోగా నేను వినలేదు. నేను విన్నంతలో ఆమె ఆయన గురించి ఆఖరుసారి అన్న మాట ఆ గురువారం గుడిలో అన్నదే.

ఆ సాయంత్రం గుడి కిటకిటలాడింది. ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క చాపల మీద ఆడవాళ్లు. రేవవ్వ రాదేమో అనుకున్నాను. వచ్చింది. మాకు నాలుగు వరసల ముందు, తల నిండా ముసుగు కప్పుకుని కూర్చుంది. అవ్వ జపమాల పూసలు జరగడం లేదు, ఒకే పూసను నలుపుతూ ఉంది. ఉపదేశి పేర్లు చదివాడు. పదకొండు కుర్చీలూ నిండాయి. "యూదా!" అన్నాడు. వెనక నుంచి తాత లేచాడు. మెత్తని అడుగు ఒకటి, గట్టి అడుగు ఒకటి వేసుకుంటూ నడిచి వచ్చి ఆ స్టూలు మీద కూర్చున్నాడు. పిల్లకాయలు కిసుక్కుమన్నారు.

స్వాములవారు ఒక్కొక్కరి కాలూ కడుగుతూ వచ్చి తాత ముందు మోకరించారు. తాత ఎడమ బూటు విప్పాడు. అప్పుడు మొదటి కుర్చీలోంచి ఊరి పెద్ద, "ఇదేం పద్ధతి సామీ? బలిపీఠం ముందర ఎడమకాలు చాపడమేంది?" అన్నాడు. అటుపక్క నుంచి ఇంకా రెండు గొంతులు లేచాయి. "ఎడమకాలు అపచారం సామీ." "యూదాకు కడక్కపోతే ఏమాయె, వదిలెయ్యండి." కుర్ర స్వాములు చెంబు పట్టుకుని అటూ ఇటూ చూశారు. తాత మెల్లగా వంగి, విప్పిన బూటులో మళ్లీ కాలు పెట్టుకోబోయాడు.

ఆడవాళ్లలోంచి రేవవ్వ లేచి నిలబడింది.

"కడగండి సామీ. ప్రభువు వాడి కాళ్లు గూడా కడిగినారు గదా."

కొందరు నవ్వారు. భలే చెప్పిందే ముసల్ది అన్నారు ఎవరో. ఊరికి అది బైబిల్లో యూదాను గురించిన మాట. ఆమె ఎవరిని గురించి అందో ఆ గుడిలో తెలిసినవాళ్లం నలుగురమే, ఆమె, తాత, అవ్వ, నేను. ఆ మాటలో ఆయన్ను క్షమించి వదిలేసిందో, లేక ఆ యూదా నువ్వే అని ముద్ర వేసి కూర్చోబెట్టిందో, తాత వయసు నాకు వచ్చినా నేను తేల్చుకోలేకపోయాను. తాత తేల్చుకోవడానికి ఆగలేదు. బూటు పక్కకు నెట్టి కాలు ముందుకు చాపాడు. నీళ్లు పడగానే, నేను ఎన్నడూ వంగగా చూడని ఆ నడుము వంగిపోయింది. మా తాత ఊరందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. స్వాములవారు ఆ కాలు తుడిచి, ముద్దు పెట్టుకుని లేచేదాకా ఆమె నిలబడే ఉంది. అప్పుడు కూర్చుంది.